కత్తెర ఎవరి చేతిలో ఉంది? కాన్సస్ టెరిటరీ నాటి పేపర్ కటింగుల పుస్తకాలు చదవడం ఎలా

మా తాతయ్య పాత చిట్టా పుస్తకంలో పేపర్ కటింగులు అంటించేవారు. మైదా పిండి ఉడికించిన జిగురు, పక్కనే అమ్మమ్మ కుట్టుపని కత్తెర. కటింగుల అంచుల పక్కన ధాన్యం బస్తాల లెక్కలు ఇంకా కనిపిస్తూ ఉండేవి. ఆయన ఏ పార్టీ మనిషో ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక నాయకుడి ఫొటోలు పాతిక ఉంటే, రెండో ఆయనది ఒక్కటంటే ఒక్కటి లేదు.

అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని ఓవర్‌ల్యాండ్ పార్క్‌కు వచ్చి స్థిరపడ్డాక టొపీకాలో, కాన్సస్ హిస్టారికల్ సొసైటీ దగ్గరున్న 1850ల నాటి కటింగుల పుస్తకాల గురించి తెలిసింది. మొదట వాటిని పేపర్ల కట్టలా చదివి చాలా తప్పులు చేశాను. ఆ తప్పులు మీరు చేయకుండా, వరసగా ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో కూర్చుని డిజిటల్ ప్రతులు, మైక్రోఫిల్మ్ నకళ్లు చూసేవారికీ, నేరుగా వెళ్లి చూసేవారికీ దాదాపు ఇదే పద్ధతి.

ముందుగా, గొడవేమిటో తెలుసుకోండి

1854 మే 30న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ పియర్స్ కాన్సస్-నెబ్రాస్కా చట్టంపై సంతకం చేశాడు. అంతకుముందు, 1820 నాటి మిస్సోరీ ఒప్పందం ప్రకారం ఆ ప్రాంతంలో బానిసత్వానికి చోటు లేదు. సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ తెచ్చిన ఈ కొత్త చట్టం ఆ నిషేధాన్ని చెరిపేసింది. బానిసత్వం ఉండాలా వద్దా అన్నది అక్కడ స్థిరపడే జనమే ఓటేసి తేల్చుకోవాలంది. ఓటు కోసం జనం కావాలి కాబట్టి రెండు వైపుల నుంచీ మనుషుల్ని తోలడం మొదలైంది. మిస్సోరీ నుంచి బానిసత్వ అనుకూలురు సరిహద్దు దాటి వచ్చారు. ఈశాన్యం నుంచి మనుషుల్ని పంపడానికి ఎలై థేయర్ 1854లోనే మసాచుసెట్స్‌లో ఒక కంపెనీ పెట్టాడు. మరుసటి ఏడాది అదే న్యూ ఇంగ్లండ్ ఎమిగ్రెంట్ ఎయిడ్ కంపెనీ అయింది. దాని కోశాధికారి ఏమస్ లారెన్స్ పేరే ఇవాళ్టి లారెన్స్ ఊరికి ఉంది.

1855 మొదట్లో జనాభా లెక్క తీస్తే టెరిటరీలో, అంటే ఇంకా రాష్ట్రం కాని ఆ ప్రాంతంలో, ఉన్నది 8,601 మంది. అందులో ఓటర్లు 2,905. మార్చి 30న శాసనసభ ఎన్నికలు జరిగితే పడిన ఓట్లు 6,300 పైచిలుకు. మనకు దొంగ ఓట్ల గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు కదా, ఈ రెండు అంకెలు చాలు. బానిసత్వ అనుకూలురు గెలిచిన ఆ సభ 1855 జులై, ఆగస్టుల్లో షానీ మిషన్‌లో కూర్చుని, బానిసల్ని ఉంచుకునే హక్కు ఇక్కడ లేదని అన్నవాళ్లను కూడా జైలుకు పంపే చట్టం చేసింది. కాన్సస్ సిటీ వైపు ఉండే మనవాళ్లు రోజూ కారులో తిరిగే షానీ మిషన్ పార్క్‌వే పక్కనే ఆ భవనాలు ఇంకా ఉన్నాయి.

ఇక్కడి నుంచి 1861 జనవరి 29న కాన్సస్ రాష్ట్రం అయ్యేదాకా జరిగినదాని గురించి అమెరికా పత్రికలన్నీ రాశాయి. ఆ రాతల్నే కొందరు కత్తిరించి దాచారు.

మొదటి మెట్టు: కత్తిరించిన మనిషిని పట్టుకోండి

ఏ పుస్తకమైనా సరే, ఒక్క కటింగు చదవకముందే అది ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఏ డబ్బుతో చేశారు అన్నది కాగితం మీద రాసుకోండి. ఇది దాటేస్తే తర్వాత చేసేదంతా వృథా.

కాన్సస్ విషయంలో అన్నిటికన్నా పెద్దది వెబ్ స్క్రాప్‌బుక్స్ అనే సేకరణ. మొత్తం 17 సంపుటాలు. చేసినది డాక్టర్ థామస్ హెచ్. వెబ్, పైన చెప్పిన కంపెనీకి కార్యదర్శి. బోస్టన్‌లో కూర్చుని కాన్సస్ మీద వచ్చిన వార్తల్ని సేకరించాడు. అంతకుముందు రోడ్ ఐలండ్ హిస్టారికల్ సొసైటీలో పనిచేసినవాడు కాబట్టి, కాగితం దాచడం ఆయనకు అలవాటైన పని. వలస వెళ్లేవాళ్ల కోసం చిన్న సమాచార పుస్తకం కూడా ఆయనే రాశాడు.

దీని అర్థం ఆయన అబద్ధాలు అంటించాడని కాదు. ఒక కంపెనీ కార్యదర్శికి తన మీద వచ్చిన తిట్లు కూడా అవసరమే. ప్రత్యర్థి ఏమంటున్నాడో తెలియకపోతే జవాబు ఎలా ఇస్తాడు? అందుకే ఇలాంటి పుస్తకాల్లో అవతలి పక్షం రాతలు కూడా దొరుకుతాయి. కానీ ఏ తిట్టు దాచుకోవాలో, దేన్ని చెత్తబుట్టలో వేయాలో నిర్ణయించింది ఆయనే.

ఇంకో మెలిక ఉంది. లారెన్స్‌లో బానిసత్వ వ్యతిరేకుల పత్రిక హెరాల్డ్ ఆఫ్ ఫ్రీడమ్. దాని సంపాదకుడు జార్జ్ డబ్ల్యూ. బ్రౌన్‌కు పత్రిక పెట్టుకోవడానికి అప్పిచ్చింది వెబ్ పనిచేసే కంపెనీయే. కంపెనీ డబ్బుతో నడిచే పేపర్లోని వార్త కంపెనీ కార్యదర్శి పుస్తకంలో కనిపిస్తే దాన్ని స్వతంత్ర సాక్ష్యం అనలేం. ఇంటి ఉత్తరం అనుకోవాలి.

కత్తెరను ఆయుధంగా వాడడం వెబ్‌తో మొదలవలేదు. 1839లోనే థియొడోర్ వెల్డ్, ఆయన భార్య ఏంజెలీనా గ్రింకే, ఆమె అక్క సారా కలిసి దక్షిణాది పత్రికలు వేలకొద్దీ తిరగేసి, పారిపోయిన బానిసల కోసం యజమానులు స్వయంగా వేయించిన ప్రకటనలను ఏరి పుస్తకంగా తెచ్చారు. వాతలు, మచ్చలు, తెగిన చెవులు గుర్తులుగా చెబుతూ యజమానే డబ్బు కట్టి వేయించిన ప్రకటన కన్నా పెద్ద సాక్ష్యం ఏముంటుంది? నల్లజాతివారు చేసిన కటింగుల పుస్తకాలు కూడా తప్పక చూడండి. బానిసత్వం నుంచి తప్పించుకొచ్చి ఉద్యమ నాయకుడైన ఫ్రెడరిక్ డగ్లస్ కొడుకులు తండ్రి మీద వచ్చినవన్నీ దాచారు. ఫిలడెల్ఫియాలో విలియం హెన్రీ డోర్సీ దాదాపు 400 పుస్తకాలు చేశాడు. అవి తెల్ల సంపాదకులు వదిలేసిన చరిత్ర.

రెండో మెట్టు: ముక్కను కాదు, పేజీని చూడండి

డిజిటల్ ప్రతిలో నచ్చిన కటింగు కనపడగానే దాన్నొక్కదాన్ని స్క్రీన్‌షాట్ తీసుకోవాలని చెయ్యి ఆత్రపడుతుంది. ఆగండి. ముందు పేజీ మొత్తం ఫొటో, తర్వాత ఎదురు పేజీ, ఆ తర్వాతే ముక్క. ఫైలు పేరులోనే సంపుటం, పేజీ, ఆ పేజీలో ఎన్నో ముక్క అన్నది పెట్టండి. ఆరు నెలల తర్వాత “ఐఎంజి 4471” అన్న పేరు చూసి తల పట్టుకునే రోజు రాకూడదంటే ఇదొక్కటే మార్గం.

పక్కపక్కన ఏం అంటించారన్నది కూడా సాక్ష్యమే. ఒక సంఘటనకు ఎన్ని పేజీలు ఇచ్చారు, ఒకే వార్త నాలుగు పత్రికల్లో వస్తే నాలుగూ అంటించారా, అంచున సిరాతో ఏదైనా రాశారా, ఏ వాక్యం కింద గీత గీశారు, ఇవన్నీ నోట్ చేసుకోండి. తేదీల క్రమం ఒక్కసారిగా తప్పితే అక్కడ ఏదో ఆలస్యంగా చేతికొచ్చింది అని గుర్తు.

మూడో మెట్టు: తేదీ తేల్చండి

నేను అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్నది ఇక్కడే. అందుకే కాస్త నెమ్మదిగా చెబుతాను.

ఆనాటి కటింగుకు మూడు తేదీలు ఉంటాయి: సంఘటన జరిగిన రోజు, విలేఖరి ఉత్తరం రాసిన రోజు, పత్రిక అచ్చైన రోజు. వేరే పత్రిక ఎత్తి వేసుకుంటే నాలుగోది కూడా చేరుతుంది. లారెన్స్ నుంచి వార్త ముందు గుర్రం మీద, తర్వాత మిస్సోరీ నది స్టీమరు మీద బయటపడాలి. తూర్పు తీరానికి చేరేసరికి రోజులు గడిచిపోయేవి.

దానికి తోడు ఆ కాలపు పొట్టి మాటలు. అంకె తర్వాత “ఇన్‌స్ట్.” అని ఉంటే ఈ నెల, “అల్ట్.” అని ఉంటే పోయిన నెల, “ప్రాక్స్.” అని ఉంటే వచ్చే నెల. ఈ నెల అంటే ఏ నెల? పత్రిక అచ్చైన నెల కాదు, ఉత్తరం రాసిన నెల. ఉదాహరణకు ఇలాంటి ముక్క ఒకటి అనుకుందాం. పైన “లారెన్స్, కె.టి., మే 23” అని ఉంది. లోపల “21వ ఇన్‌స్ట్.న ఊరి మీద పడ్డారు” అని రాశారు. అంటించిన మనిషి పక్కన సిరాతో జూన్ 7 అని వేశాడు, అంటే ఆ పేపరు తన చేతికి వచ్చిన రోజు. నాలాంటివాడు దాన్ని చూసి జూన్ 21 అనుకుంటాడు. జూన్ 7న చేతికొచ్చిన పేపర్లో జూన్ 21 సంగతి ఎలా ఉంటుందన్న ఇంగితం కూడా ఒక సాయంత్రమంతా నాకు రాలేదు. అది మే 21. అదే సంగతి జూన్ 2న రాసిన ఇంకో ఉత్తరంలో “21వ అల్ట్.” అవుతుంది. రెండూ ఒక రోజే. కె.టి. అంటే కాన్సస్ టెరిటరీ.

పైన రాసిన ఊరి పేరును కూడా గుడ్డిగా నమ్మకండి. హెరాల్డ్ ఆఫ్ ఫ్రీడమ్ తొలి సంచిక మీద “వకరూసా, కాన్సస్ టెరిటరీ, 1854 అక్టోబరు 21” అని ఉంటుంది. అది అచ్చైంది పెన్సిల్వేనియాలో. బ్రౌన్ ఇంకా బయల్దేరకముందే తొలి సంచిక కొట్టించేశాడు! అవతలి పక్షం మాత్రం నిజంగా నేల మీదే మొదలెట్టింది. 1854 సెప్టెంబరు 15న లెవెన్‌వర్త్‌లో ఒక ఎల్మ్ చెట్టు కింద టైపు పేర్చి కాన్సస్ వీక్లీ హెరాల్డ్ తెచ్చారు.

తేదీ అస్సలు లేకపోతే వెనక వైపు ఏమైనా కనపడుతుందేమో చూడండి. జిగురు ఊడి అంచు లేచినచోట అవతలి ప్రకటనలోని స్టీమరు పేరో, వేలం తేదీయో దొరకొచ్చు. లేచి ఉంటేనే చూడాలి. మీరు లేపకూడదు.

నాలుగో మెట్టు: పత్రిక పేరు చూసి మోసపోకండి

సెయింట్ లూయిస్‌లో మిస్సోరీ డెమొక్రాట్, మిస్సోరీ రిపబ్లికన్ అని రెండు పత్రికలుండేవి. ఆ రోజుల్లో బానిసత్వ విస్తరణను ఎదిరించింది కొత్తగా పుట్టిన రిపబ్లికన్ పార్టీ. కాబట్టి రిపబ్లికన్ అని పేరున్న పత్రికే ఆ వైపు ఉంటుందనుకుంటాం. సరిగ్గా తలకిందులు. డెమొక్రాట్ పత్రిక రిపబ్లికన్ పక్షం, రిపబ్లికన్ పత్రిక డెమొక్రాట్ల పక్షం! పేర్లు పెట్టాక రాజకీయాలు మారిపోయాయి గానీ బోర్డు మార్చలేదు. మనకు ఇదేమీ వింత కాదు.

అందుకని కాన్సస్ పత్రికల పట్టిక ఒకటి ముందే రాసుకోండి. అచిసన్‌లోని స్క్వాటర్ సావరిన్ బానిసత్వ అనుకూలం. లారెన్స్‌లో హెరాల్డ్ ఆఫ్ ఫ్రీడమ్, కాన్సస్ ఫ్రీ స్టేట్, జాన్ స్పీర్ నడిపిన కాన్సస్ ట్రిబ్యూన్ వ్యతిరేకం. స్పీర్ మొండివాడు. షానీ మిషన్‌లో చేసిన ఆ జైలు చట్టం 1855 సెప్టెంబరు 15న అమల్లోకి వస్తుందంటే, అదే రోజు సంచికలో ఒక పేజీ నిండా పెద్దపెద్ద అక్షరాలతో ఆ చట్టాన్ని ధిక్కరిస్తూ అచ్చేశాడు. ఇలాంటివి టైపు చేసిన పాఠంగా చదివితే లాభం లేదు. అక్షరం సైజు చూస్తేనే ఆయన గొంతు వినిపిస్తుంది.

విలేఖరి ఎవరన్నది కూడా తేల్చాలి. న్యూయార్క్ ట్రిబ్యూన్‌కు రాసిన విలియం ఫిలిప్స్, జేమ్స్ రెడ్‌పాత్ వంటివాళ్లు గట్టు మీద నిలబడి చూసినవాళ్లు కాదు, ఉద్యమంలో ఉన్నవాళ్లు. కొందరు మారుపేర్లతో రాసేవారు. “వూస్టర్” అన్న సంతకంతో 1856లో ట్రిబ్యూన్‌లో వచ్చిన కాన్సస్ ఉత్తరాలు థామస్ వెంట్‌వర్త్ హిగిన్సన్‌వి. వూస్టర్ ఆయన ఉండే ఊరు.

ఐదో మెట్టు: అసలు సంచిక వెతకండి

ఆ రోజుల్లో పత్రికలు ఒకదానికొకటి ఉచితంగా పోస్టులో పంపుకోవడానికి 1792 నుంచీ చట్టమే ఉంది. సంపాదకుడు వచ్చిన పేపర్లన్నీ ముందేసుకుని, కత్తెరతో కోసి తన పేపర్లో వేసుకునేవాడు. మనం వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసినట్టు. కాబట్టి ఒక వార్త పది పత్రికల్లో కనిపించినంత మాత్రాన పదిమంది సాక్షులు ఉన్నట్టు కాదు. ఒకడు రాశాడు, తొమ్మిదిమంది కోశారు. మాటకు మాట పోల్చి చూడండి. ఎక్కడ వాక్యం తగ్గింది, ఎక్కడ కొత్త శీర్షిక చేరింది అన్నది చూస్తే ఎవరి దగ్గర నుంచి ఎవరు తీసుకున్నారో తెలిసిపోతుంది.

వెతకడానికి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి క్రోనిక్లింగ్ అమెరికా ఉచితం. హెరాల్డ్ ఆఫ్ ఫ్రీడమ్, స్క్వాటర్ సావరిన్ రెండూ అందులో ఉన్నాయి. ఉత్తరాలు, డైరీలు, ఫొటోల కోసం హిస్టారికల్ సొసైటీ వారి కాన్సస్ మెమరీ చూడండి. ఈ సొసైటీని 1875లో పెట్టింది పత్రికా సంపాదకులే. కాన్సస్ పేపర్లు ఇంత బాగా మిగిలాయంటే కారణం అదే.

వెతికేటప్పుడు ఒకే స్పెల్లింగుతో ఆగిపోకండి. ఆ రోజుల్లో కాన్సస్‌ను ఎస్ బదులు జెడ్‌తో రాసేవాళ్లు చాలామంది, వెబ్ తన సమాచార పుస్తకం పేరులోనే అలా రాశాడు. ఒసావటొమీలో కొందరు ఎస్ ఒకటి, కొందరు రెండు వేస్తారు. పాటవాటమీకైతే లెక్కే లేదు. కంప్యూటరు పాత సిరా అక్షరాలను తప్పుగా చదువుతుంది కూడా. పేరుతో దొరక్కపోతే, ఆ వార్తలో ఇంకెక్కడా రాని ఒక అరుదైన మాట పట్టుకుని వెతకండి.

1856 మే 21న లారెన్స్ మీద పడ్డ బానిసత్వ అనుకూల మూక ఫ్రీ స్టేట్ హోటల్‌ను తగలబెట్టి, రెండు ప్రెస్సులు పగలగొట్టి, టైపును నదిలో పోసింది. ఆ తర్వాత హెరాల్డ్ ఆఫ్ ఫ్రీడమ్ మళ్లీ వచ్చింది నవంబరులో. ఆ వేసవి సంచికలు దొరకట్లేదని విసుక్కోకండి, అవి అసలు పుట్టనే లేదు.

ఆరో మెట్టు: ఎదుటివాడి మాట పక్కన పెట్టండి

నోట్‌బుక్కులో పేజీని నిలువుగా మడవండి. ఎడమ పక్క మీ కటింగు, కుడి పక్క అదే రోజు మీద స్క్వాటర్ సావరిన్ రాసింది. కింద మూడో వరస: ప్రమాణం చేసి చెప్పిన సాక్ష్యం. ఈ మూడోదానికి 1856లో కాంగ్రెస్ వేసిన హోవర్డ్ కమిటీ నివేదిక ఉంది. వెయ్యి పేజీల పైనే, మూడు వందల మందికి పైగా సాక్షులు. దొంగ ఓట్ల గురించి అందులో ఊరూరి లెక్క ఉంటుంది.

ఈ పద్ధతి ఎందుకు తప్పనిసరో, బానిసత్వం మీద ఆయుధం పట్టిన జాన్ బ్రౌన్ కథే చెబుతుంది. 1856 మే 24 రాత్రి పాటవాటమీ వాగు దగ్గర బానిసత్వ అనుకూల వర్గానికి చెందిన ఐదుగురిని ఇళ్లలోంచి లాక్కెళ్లి చంపారు. చేయించింది బ్రౌన్. కానీ ఉత్తరాది పత్రికలు చాలా ఏళ్లు దాన్ని కాదన్నాయి, లేదా ఆత్మరక్షణ అన్నాయి. భర్తనూ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకున్న మహలా డాయిల్ ప్రమాణపత్రం మాత్రం అదే ఏడాది హోవర్డ్ నివేదికలో, మిస్సోరీ సభ్యుడు మోర్డెకై ఆలివర్ భాగంలో అచ్చైంది. ఆ రాత్రి బ్రౌన్ వెంట ఉన్న జేమ్స్ టౌన్స్‌లీ నోరు విప్పింది 1879లో. ఉత్తరాది కటింగులే చదివినవాడికి ఇరవై మూడేళ్లు ఈ విషయం అనుమానంగానే మిగిలేది.

దీన్నిబట్టి బ్రౌన్ ఎంత గొప్పవాడు, ఎంత హంతకుడు అని నేను తీర్పు చెప్పను. రెండూ నిజమే అన్నది నా అభిప్రాయం. 1858 డిసెంబరులో మిస్సోరీలోకి వెళ్లి 11 మంది బానిసల్ని విడిపించి తీసుకొచ్చిందీ ఆయనే. మన పని ఏ పేజీలో ఏ మాట లేదో పట్టుకోవడం.

ఏడో మెట్టు: అప్పటిదా, తర్వాత తలుచుకున్నదా?

ఒకే పుస్తకంలో 1856 కటింగు పక్కన 1880ల నాటి కటింగు కనిపిస్తే కంగారు పడకండి, కానీ కలపకండి. యుద్ధాలయ్యాక బానిసత్వ వ్యతిరేక పక్షంలోని పాత నాయకులు పేరు కోసం కొట్టుకున్నారు. కాన్సస్‌ను కాపాడింది చార్లెస్ రాబిన్సనా, జిమ్ లేనా, జాన్ బ్రౌనా? 1877లో ఒసావటొమీలో జాన్ బ్రౌన్ స్మారకం దగ్గర మెచ్చుకుంటూ మాట్లాడిన రాబిన్సనే తర్వాత ఆయనను దుమ్మెత్తిపోశాడు. ఎలై థేయర్, జార్జ్ బ్రౌన్ కూడా అదే దారి. ఈ వయసు మీరిన కటింగులు 1856 గురించి తక్కువ, 1880ల గురించి ఎక్కువ చెబుతాయి.

కాగితం కూడా సాయం చేస్తుంది. 1850ల పేపరు ఎక్కువగా గుడ్డపేలికల గుజ్జుతో చేసింది, ఇంకా మెత్తగా, లేత రంగులో ఉంటుంది. 1880ల నాటిది చెక్క గుజ్జు, గోధుమ రంగులోకి తిరిగి అప్పడంలా విరుగుతుంది. ఇది నూటికి నూరుపాళ్లు నమ్మదగ్గ పరీక్ష కాదు గానీ, మొదటి చూపుకు పనికొస్తుంది.

ఎనిమిదో మెట్టు: కనిపించనివాళ్ల చిట్టా

1855 లెక్కలో కాన్సస్‌లో బానిసలుగా ఉన్నవారు రెండు వందలకు కాస్త తక్కువ. వాళ్ల పేరు మీద మొదలయిన గొడవలో వాళ్ల మాట ఎక్కడ? నేల ఎవరిదో ఆ షానీ, డెలావేర్, కా తెగల వాళ్లేరి? మహిళా హక్కుల కోసం, కాన్సస్ రాజ్యాంగం రాసిన వయండాట్ సభలో కూర్చున్న క్లారినా నికోల్స్ లాంటి స్త్రీ ఎన్ని కటింగుల్లో ఉంది? ఒక్కో సంపుటం అయ్యాక ఈ మూడు ప్రశ్నలకూ ఎన్ని పేజీలు దొరికాయో అంకె వేయండి. సున్నా వస్తే సున్నా అనే రాయండి. తర్వాత ఆ ఖాళీని భూమి ఒప్పందాల్లో, కోర్టు కాగితాల్లో, ఉత్తరాల్లో పూరించవచ్చు.

చివరగా, నేరుగా చూడడానికి వెళ్తే

ముందు ఫోనో మెయిలో చేసి వెళ్లండి. నకలు ఉంటే అసలు పుస్తకం ఇవ్వకపోవచ్చు, అది వాళ్ల జాగ్రత్త. చేతులు కడుక్కుని పూర్తిగా తుడుచుకోండి. సినిమాల్లోలా తెల్ల గ్లౌజులు కాగితానికి మంచివి కావు, వేలికి స్పర్శ తెలియక అంచులు చిరుగుతాయి. పుస్తకాన్ని నురుగు దిమ్మెల మీదే పెట్టి, తెరుచుకున్నంత వరకే తెరవండి. జిగురు బిగిసిన పేజీని బలవంతంగా విడదీయకండి, సిబ్బందిని పిలవండి. వెన్ను వెనక పిండి జిగురు తిన్న పురుగుల చిల్లులు కనపడితే అవి ఏ పేజీల్లో ఉన్నాయో రాసుకోండి. ఏ మాట పురుగు తిన్నదో, ఏ మాట కత్తెర తిన్నదో తర్వాత గుర్తుండదు. ఇక పెన్ను లాకర్లోనే వదిలేసి, రెండు పెన్సిళ్లు చెక్కి పట్టుకెళ్లండి.